పద్దెనిమిదో పొద్దు: ఇద్దరం కలిసి రాస్తున్న మొదటి స్క్రిప్టు డైరీ

మార్చి 9, 2025, ఆదివారం

ఈరోజు మొదలుపెట్టాం. ఎస్వీ యూనివర్సిటీలో చెట్టు కింద సిమెంటు బెంచీ మీద మూడు గంటలు కూర్చుని లేచేసరికి చేతిలో మిగిలింది ఆరేడు వాక్యాలు. అన్నీ ఇద్దరికీ నచ్చినవే.

మేమెవరమో ముందు రాసిపెడతాను. నాది తిరుపతిలో ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ పని. పెళ్లిపత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు చేస్తాను. నా స్నేహితుడిది చిత్తూరు పక్కన పల్లె, సర్కారు బడిలో టీచరు. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఒకరినొకరు ‘మామా’ అనే పిలుచుకుంటున్నాం, అందుకే ఇక్కడ కూడా మామ అనే రాస్తాను. సినిమా పరిశ్రమలో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. కథ మాత్రం పదేళ్లుగా మాతోనే ఉంది.

లైను ఇది. చిత్తూరు పక్క ఒక ఊరు. ఏటా ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. పద్దెనిమిదో నాడు పొద్దున దుర్యోధన వధ. దుర్యోధనుడి వేషం వేసే ఆయన్ని ఊరంతా రారాజు అనే పిలుస్తారు. భీముడి వేషం వేసేది ఆయన పెదనాయన కొడుకు, నెల రోజుల పెద్ద. పొలం గట్టు తగాదా వచ్చి పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడేది ఏడాదిలో ఆ కొన్ని రాత్రులే, అదీ పద్యాల్లోనే.

ఆ చివరి వాక్యం మామ చెప్పాడు. అది చెవిన పడగానే ఇది సినిమా అవుతుందని నాకు నమ్మకం కుదిరింది.

మా జిల్లా వాళ్లకు ఈ భారతం గురించి చెప్పాల్సిన పనిలేదు. బయటివాళ్ల కోసం రాస్తున్నాను. చిత్తూరు పల్లెల్లో, ఆనుకుని ఉన్న తమిళనాడు పల్లెల్లో ద్రౌపదమ్మకు గుళ్లున్నాయి. అక్కడ భారతం అంటే పుస్తకం కాదు, తిరునాళ్లు. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు, పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని కూర్చుంటారు. బకాసుర వధ నాడు భీముడు బండిమీద అన్నంతో ఊరంతా తిరుగుతాడు. ఆఖరున అగ్నిగుండం తొక్కుతారు. మేమిద్దరం చిన్నప్పుడు ఆ నాటకాల ముందు చాప మీద నిద్రపోయినవాళ్లమే.

ఒక నియమం పెట్టుకున్నాం. ఒకరు రాసింది ఇంకొకరు ‘వద్దు’ అనొచ్చు. కానీ వద్దన్నవాడు ఆ చోట ఏం రావాలో రాసుకుని రావాలి.

మార్చి 16, ఆదివారం

ఈ వారం కథ ముందుకు పోలేదు, అక్షరాల దగ్గరే ఆగిపోయాం.

మామ ఫోనులో యూనికోడ్‌లో టైపు చేస్తాడు. నేను పదిహేనేళ్లుగా ప్రెస్సు ఫాంట్లలో కొట్టేవాణ్ణి. ఆ ఫాంట్లలో కనబడే ‘అ’ కంప్యూటరుకు ‘అ’ కాదు. ఇంగ్లీషు అక్షరం కూర్చున్న గడిలో తెలుగు బొమ్మ గీసినట్టు లెక్క. అందుకే నేను పంపిన మొదటి సీను మామ ఫోనులో ఏవో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంది. రాత్రిళ్లు కూర్చుని యూనికోడ్ కీబోర్డు నేర్చుకుంటున్నాను. వేళ్లు పాత మీటల మీదికే పోతున్నాయి, ఒక్కో సంయుక్తాక్షరం దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తోంది.

ఇక కొలత. స్క్రీన్‌ప్లేకు అందరూ చెప్పే లెక్క ఒకటుంది: 12 పాయింట్ల కొరియర్ ఫాంటులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. కొరియర్‌లో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు, పేజీకి పడే లైన్లు ఖాయం, అందుకే ఆ లెక్క నిలబడుతుంది. తెలుగులో ‘ర’ ఎంత, ‘క్ష్మ’ ఎంత? వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, లైన్ల మధ్య ఎడం పెంచకపోతే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అసలు కొరియర్‌లో తెలుగే లేదు. మండలి ఫాంటు, 13 పాయింట్లు అని ఖాయం చేసుకుని పేజీ లెక్క వదిలేశాం. ప్రతి సీనూ గొంతెత్తి చదవాలి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కొలవాలి. జరిగే పనిని కూడా మనసులో ఊహించుకుంటూ, అది జరగడానికి పట్టేంతసేపు ఆగుతూ చదవాలి.

సాఫ్ట్‌వేరు సంగతి. ఫౌంటెన్ అని ఒక పద్ధతి ఉంది. మామూలు టెక్స్టు ఫైలులో రాసుకుంటూ పోతే సీన్ హెడింగును, పాత్ర పేరును, మాటను అదే గుర్తుపట్టి స్క్రీన్‌ప్లే రూపంలో పేరుస్తుంది. మా ఇద్దరి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది కాబట్టి అదే తీసుకున్నాం. అయితే లైనంతా క్యాపిటల్ అక్షరాల్లో ఉంటేనే అది పాత్ర పేరు అనుకుంటుంది. మన లిపిలో క్యాపిటల్ ఎక్కడిది? రెండు రోజులు మా పాత్రలన్నీ మామూలు వాక్యాల్లో కలిసిపోయాయి. విరుగుడు ఆ పద్ధతిలోనే ఉంది. పేరు ముందు ‘@’ పెడితే పాత్ర అవుతుంది, లైను ముందు ఒక చుక్క పెడితే సీన్ హెడింగ్ అవుతుంది. ‘.బయట – గుడి ముందు – రాత్రి’ అని కొట్టగానే ఆ లైను ముదురుగా, విడిగా నిలబడింది. మామకు వెంటనే ఫోన్ చేసి చెప్పాను. రాత్రి పదకొండున్నర, వాళ్లింట్లో అందరూ లేచారు.

తెలుగులో స్క్రిప్టు రాసేవాళ్లెవరైనా ఈ రెండు గుర్తులు తెలుసుకుంటే రెండు రోజులు మిగులుతాయి.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని మామ పది గంటలకల్లా ప్రెస్సుకు వచ్చేశాడు. సెలవు కాబట్టి షట్టరు సగం దించి లోపల కూర్చున్నాం.

సీన్లు పేర్చడానికి కార్డులు కావాలి. మా దగ్గర తప్పు పడిన పెళ్లిపత్రికలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ముహూర్తం తప్పు, ఇంటిపేరు తప్పు, ఒకదాంట్లో పెళ్లికొడుకు తండ్రి పేరే తప్పు. వాటి వెనక తెల్లగా ఉంటుంది. గట్టి అట్ట, అరచేతికి సరిపోతుంది. పసుపు పత్రికలు భీముడి సీన్లకు, ఎర్రవి రారాజు సీన్లకు, దంతం రంగువి ఇద్దరూ ఉన్న సీన్లకు. ఒక్కో కార్డు మీద మూడు సంగతులే రాయాలి: ఎక్కడ, ఎవరికి ఏం కావాలి, సీను అయ్యేసరికి ఏం మారింది. మూడోది రాయలేకపోతే ఆ కార్డు పక్కకు. ఇలా 71 రాస్తే 64 గోడకెక్కాయి.

గోడను దూరం నుంచి చూస్తే మొదటి సగమంతా ఎరుపు, రెండో సగమంతా పసుపు. ఇంటర్వెల్ దగ్గర రంగు మారిపోతోంది. అప్పుడది అందంగా ఉందనుకున్నాం.

ఏప్రిల్ 13, ఆదివారం

పెళ్లిళ్ల సీజను. రోజూ రాత్రి తొమ్మిది దాకా ప్రెస్సులోనే. మామకు పరీక్షల పేపర్లు దిద్దే పని. ఒక్క సీనూ రాయలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

పూతలపట్టు దాటాక లోపలికి ఒక ఊళ్లో వధ ఉందని మామ కబురు పెట్టాడు. తెల్లవారి మూడున్నరకు బండిమీద బయల్దేరాను. చంద్రగిరి దాటేసరికి చలిగాలి, పాకాల వైపు తిరిగేటప్పటికి తూరుపు తెల్లబడుతోంది.

చిన్నప్పుడు చూసినదానికీ, రాయడానికని చూసినదానికీ ఇంత తేడా ఉంటుందనుకోలేదు. ఊరి బయట మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒక ఇల్లంత పొడవు. ముఖానికి రంగు, మీసాలు, కళ్లు ఆకాశంలోకి. పక్కన నిలబడితే ఆ తొడ నా నడుము దాకా వచ్చింది. ఆ బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు గదలు పట్టుకుని పరుగెడుతుంటారు. ఒకడు బొమ్మ మీదికి ఎక్కి పద్యం ఎత్తుకుంటాడు, ఇంకొకడు కింద నుంచి జవాబు చెబుతాడు. హార్మోనియం, మద్దెల వాళ్ల వెంటే కదులుతుంటాయి. ఎండ ముదిరేసరికి ఇద్దరి ముఖాల మీదా రంగు చెమటతో చారలు చారలుగా దిగింది. భీముడు తొడమీద కొట్టాడు, ఎర్రనీళ్లు చిమ్మాయి. ద్రౌపది వేషం ఆ ఎరుపును జుట్టుకు రాసుకుని ముడి వేసుకుంది. నా పక్కనున్న ముసలమ్మ చెంపలు వేసుకుని ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తున్నావవ్వా అని అడిగాను.

‘‘ఆ పడిపోయినాయప్ప కోసం నాయనా. వాళ్లమ్మ ఉండాది కదా ఇంటికాడ.’’

ఈ మాట సినిమాలో ఉండి తీరాలి.

అంతకుముందు బడిగదిలో వేషాలు వేసుకుంటుంటే గంటసేపు కూర్చున్నాను. నోటుబుక్కులో గబగబా రాసుకున్నవి: ఒకటే అద్దం. కొబ్బరినూనెలో కలిపిన రంగు. కిరీటం చెక్కది, తేలిక. భుజకీర్తుల తాళ్లు వీపు వెనక, ఎవరో ఒకరు కట్టాలి. టీ గ్లాసు పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుంటారు. తమ వంతు దాకా మౌనం.

మే 4, ఆదివారం

గొడవ పడ్డాం.

ఇంటర్వెల్ తర్వాత సీన్లు చెరి సగం పంచుకున్నాం. సరి సంఖ్యలు నావి, బేసి సంఖ్యలు మామవి. ఇవాళ వరసగా చదివితే ఒక్క సీనుకూ పక్క సీనుకూ పొత్తు లేదు. నా సీన్లలో రారాజు మంచివాడు, అన్యాయమైపోయినవాడు. మామ సీన్లలో అదే మనిషి గట్టు నరికి, కోర్టుకెక్కి, అన్న కాపురాన్ని అప్పుల్లోకి తోసినవాడు. ఒక పేజీలో కన్నీళ్లు, తర్వాతి పేజీలో ఛీత్కారం.

భారతం దాకా వెళ్లాం. మడుగులో దాక్కున్నవాణ్ణి బయటికి పిలిచి, ఐదుగురిలో ఎవరినైనా ఎంచుకో, గెలిస్తే రాజ్యం నీదే అని ధర్మరాజు చెబితే, నకుల సహదేవుల్లో ఒకరిని కోరుకోవచ్చు కదా, కోరలేదు, అదీ రారాజు అంటే అన్నాను. నిండుసభలో తొడ చూపించినవాడికి ఇప్పుడు మర్యాద ఎక్కడినుంచి వచ్చింది అన్నాడు మామ. నాభి కింద కొట్టకూడదన్న గదాయుద్ధ ధర్మం తప్పింది భీముడే, బలరాముడంతటివాడు కోప్పడ్డాడు అన్నాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. నీకు పల్లె తెలుసుగానీ సినిమా తెలియదని నేనన్నాను. ఊరొదిలిపోయినోళ్లకు ఊరి మీద జాలి పడటం సులువని మామ అన్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆరు గంటల బస్సుకు వెళ్లాల్సినవాడు నాలుగింటికే వెళ్లిపోయాడు.

మే 18, ఆదివారం

రెండు వారాలు ఫోను లేదు. ఈమధ్యలో తిరుపతిలో గంగజాతర వచ్చింది, పోయింది. తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయే దారంతా వేషాలే. మాతంగి వేషం కట్టినవాళ్లను చూస్తుంటే మామ లేకుండా చూడటం వెలితిగా అనిపించింది. ఏటా ఇద్దరం కలిసే చూస్తాం.

నిన్న రాత్రి నేనే మెసేజ్ పెట్టాను: ఆఖరి సీను నువ్వొక పేజీ రాయి, నేనొక పేజీ రాస్తాను, రేపు మార్చుకుందాం. ‘సరే’ అని వచ్చింది.

కపిలతీర్థం దగ్గర కలుసుకుని ఒకరి కాగితం ఇంకొకరు చదివాం. నా పేజీలో వధ అయ్యాక భీముడి వేషగాడు కిందపడ్డ తమ్ముడికి చెయ్యి అందించి లేపుతాడు, ఇద్దరూ కావలించుకుంటారు. మామ పేజీలో భీముడు కొట్టి, వెనక్కి చూడకుండా నడిచి, బావి దగ్గర ఒక్కడే ముఖం కడుక్కుంటాడు. నీళ్లలోకి రంగు దిగుతుంది. పేజీ అయిపోతుంది.

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామ అడిగాడు: ‘‘నీ రారాజు ఎవరు మామా?’’

చెప్పాను. మా నాయన. అన్నదమ్ముల్లో చిన్నవాడు. వాటా దగ్గర మాట పెరిగి, పెట్టె సర్దుకుని తిరుపతికి వచ్చేశాడు. పోయేదాకా ఆ ఊరి పేరెత్తలేదు. ఎవరైనా వచ్చి చెయ్యి అందిస్తారని నేను చిన్నప్పటినుంచీ ఎదురుచూశాను. అది ఆ పేజీలోకి వచ్చింది.

మామ భీముడు వాళ్ల తాత. మేనమామల చేతిలో మోసపోయి, మాట తూలకుండా, ఎవరినీ ఇంటికి రానివ్వకుండా బతికినాయన. ఆయన బావి దగ్గర ముఖం కడుక్కోవడం మామ కళ్లారా చూశాడు.

ఇన్నాళ్లూ ఒకే కథ రాస్తున్నామనుకున్నాం. పది వారాల్లో ఒక్కసారి కూడా ఇది ఎవరి కథ అని ఒకరినొకరు అడగలేదు. గోడమీద ఎరుపు సగం, పసుపు సగం ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. అది అందం కాదు, పగులు.

ఇద్దరం కలిసి మొదటి మెట్టుకు వచ్చాం. హీరో ఎవరూ ఉండరు. ఎవరి సీనైనా ఎదుటివాడి మనసు తెలిసేలా రాయాలి. అందుకని పంపకం తిరగేశాం. రారాజు సీన్లు ఇకనుంచి మామ రాయాలి, భీముడి సీన్లు నేను. ఆఖరి సీను మాత్రం రెండు పేజీలూ పక్కనపెట్టి ఖాళీ కార్డు అంటించాం.

తిరుచానూరు రోడ్డులో బస్సెక్కించేటప్పుడు మామ అన్నాడు: ‘‘రెండు వారాలకే ఇట్లుంటే పదకొండేళ్లు ఎట్లుంటాదో ఇప్పుడు రాయగలను.’’

మే 25, ఆదివారం

మాటల గురించి.

మా పాత్రలు చిత్తూరు రైతులు. మాట్లాడేది మాత్రం సినిమా తెలుగు. ‘నువ్వు నా పొలం గట్టు నరికావు. నీతో నాకు మాటల్లేవు’ అని నేనే రాశాను. మామ వాళ్ల పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఆమె అడిగింది, ‘‘వాళ్లు యా ఊరోళ్లు?’’ అని.

పెద్దమ్మను కూర్చోబెట్టి, సంగతి చెప్పి, ఆ రైతు నువ్వే అయితే ఏమంటావని అడిగాం. ఫోనులో రికార్డు పెట్టుకున్నాం, ఆమెకు చెప్పే పెట్టాం. చెనక్కాయలు ఒలుస్తా, తల ఎత్తకుండా అనేసింది: ‘‘గెనిమ నరికినోనితో నాకేం మాట?’’

మా ఎనిమిది మాటలు ఆమె నాలుగు మాటల్లో ఇమిడిపోయాయి. ‘గట్టు’ కాదు గెనిమ, ‘పొలం’ కాదు కయ్య. ‘నువ్వు’ అని ఎదురుగా అనదు, ‘నరికినోడు’ అని పక్కకు నెడుతుంది. మాటలు లేనివాణ్ణి పేరుపెట్టి పిలవరు, అన్న అని కూడా అనరు, ‘ఆయప్ప’ అంటారు. ఆ ఒక్క మాట చాలు, పదకొండేళ్లు ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు. ‘వచ్చాను’ బదులు ‘వస్తిని’, ‘చేస్తున్నాను’ బదులు ‘చేస్తా ఉండా’. అయితే యాస అంతా కాగితం మీద కుమ్మరిస్తే చదివే నటుడు అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని క్రియలు, పిలుపులు, పనిముట్ల పేర్లు మాత్రం మా పలుకులో, మిగతా అక్షరాలు మామూలుగా అని నిర్ణయించాం.

పద్యాల దగ్గర యాస పూర్తిగా మాయమైపోతుంది. గెనిమ అన్న నోటే రంగు పూసుకున్నాక గ్రాంథికం పలుకుతుంది. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే వాళ్ల సొంత భాష వదిలి ఇంకో భాషలోకి పోవాలన్నమాట. ఇది మేం కనిపెట్టింది కాదు, ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే.

జూన్ 8, ఆదివారం

ఇవాళ కాగితం రాసుకున్నాం. స్నేహితుల మధ్య కాగితమేమిటని ఇంట్లోవాళ్లు అన్నారు. మే నెల గొడవ తర్వాత మాకు అది అక్కర అనిపించింది, ఇప్పుడు మనసు తేలిగ్గా ఉంది.

తెలిసినవాళ్ల దగ్గర అడిగి రాసుకున్న సంగతులు: 1957 కాపీరైటు చట్టం ప్రకారం వట్టి ఐడియాకు రక్షణ లేదు, రాసిన రూపానికే ఉంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందుకే లైను చేతబట్టుకుని తిరగకుండా పూర్తిగా రాసుకోవాలి. రాసిన క్షణం నుంచే హక్కు వస్తుంది, రిజిస్ట్రేషను సాక్ష్యానికి పనికొస్తుంది. విడదీయరాకుండా ఇద్దరు కలిసి రాస్తే అది ఉమ్మడి రచన, ఆఖరుగా పోయిన రచయిత తర్వాత అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆ అరవై ఏళ్లు విన్నాక మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మన పిల్లలు కూడా మాట్లాడుకుంటా ఉండాల మామా అన్నాడు.

స్టాంపు కాగితం మీద ఐదే మాటలు. చెరి సగం. పేర్లు అక్షర క్రమంలో. ఒకరు లేకుండా ఇంకొకరు కథ చెప్పడానికి పోకూడదు, అమ్మకూడదు. ఒకరు మధ్యలో మానేస్తే అప్పటిదాకా రాసినదానికి పేరు ఉంటుంది. ఇద్దరికీ కుదరకపోతే మామ వాళ్ల పెద్దమ్మ చెప్పినట్టు.

జూన్ 22, ఆదివారం

మొదటి డ్రాఫ్టు అయింది. ఆఖరి సీను తప్ప.

చిత్తూరు వెళ్లే దారంతా తోతాపురి ట్రాక్టర్లు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కిలోమీటర్ల కొద్దీ వరస. లోడు మీద గోనెపట్ట పరుచుకుని రైతులు నిద్రపోతున్నారు. మా కథలో రారాజు కొడుకు ఇలాంటి లోడుతోనే పోయి ఇరుక్కుంటాడు, వధ నాటికి ఊరికి చేరలేడు. కార్డు మీద రాసుకున్నప్పుడు ఒక లైను. ఇవాళ కళ్లారా చూశాక ఆ సీను మళ్లీ రాశాను. రెండు రోజులుగా కదలని ట్రాక్టరు దిగితే వరసలో చోటు పోతుంది, దిగకపోతే నాయన వేషానికి అందలేడు. కుర్రవాడి చేతిలో ఫోను, వేలు పేరు మీద ఉంటుంది, నొక్కడు.

మామ ఇంటి మిద్దె మీద కూర్చుని మొత్తం చదివాం. 2 గంటల 41 నిమిషాలు. మేం అనుకున్నది 2 గంటల 10. కొడుకు ప్రేమ కథ తొమ్మిది సీన్లు తీసేశాం. అందులో ఐదు నావి, బాగా రాసినవే, కానీ ఆ తొమ్మిది లేకపోయినా మిగతా కథలో ఒక్క చోటా ఏమీ కదల్లేదు. నియమం ప్రకారం వద్దన్నవాడు బదులు రాయాలి కదా, మామ బదులుగా ఒక్క లైను రాశాడు: కొడుకు ఫోను తెర మీద ఒక అమ్మాయి బొమ్మ. అది చాలింది.

జూలై 6, ఆదివారం

భీముడి వేషం ముప్పై ఏళ్లు వేసి మానేసిన ఒక పెద్దాయనకు స్క్రిప్టు వినిపించాం. మామ చదివాడు, నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. మంచం మీద ఒక కాలు ముడుచుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. గెనిమ దగ్గర తల ఊపాడు. ట్రాక్టరు దగ్గర కళ్లు తెరిచాడు. పద్యాల దగ్గర మా తప్పులు రెండు దిద్దాడు, రాగం తీసి పాడి చూపించాడు. డెబ్బై దాటిన గొంతులోంచి ఆ రాగం వస్తే మిద్దె కింద ఉన్నవాళ్లు కూడా పైకొచ్చారు.

వధ సీనుకు ముందు చదవడం ఆపి, ఇక్కడ ఇంకా రాయలేదు సామీ అన్నాడు మామ.

పెద్దాయన కాసేపు ఆగి ఒక మాట అడిగాడు: ‘‘కొడుకు రాలేదంటిరి కదా. మరి ఆయప్పకు భుజకీర్తులు ఎవరు కట్టినారు?’’

నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూశాడు.

‘‘అది ఎవురికి వాళ్లు కట్టుకునేది కాదు. ఆ పొద్దుకి అందరూ మైదానంలో ఉంటారు. వేషాల గదిలో మిగిలేది వాళ్లిద్దరే కదా.’’ ఇంకో మాట కూడా చెప్పాడు. కట్టేవాడు ముడి బిగించి, ‘చాల్నా’ అని అడుగుతాడట. అడగకుండా వదలరట. బిగువు సరిపోకపోతే గద ఎత్తినప్పుడు జారిపోతాయి.

ఇంటికొచ్చి ఏప్రిల్ నోటుబుక్కు తీశాను. ‘భుజకీర్తుల తాళ్లు వీపు వెనక, ఎవరో ఒకరు కట్టాలి.’ నా దస్తూరీయే. పది వారాలుగా అక్కడే ఉంది.

జూలై 13, ఆదివారం

ప్రెస్సులో షట్టరు దించుకుని ఒకే కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. మొదటిసారి ఒక సీను పంచుకోకుండా రాశాం. ఒక లైను నేను కొడితే తర్వాతి లైను మామ. కుర్చీలు మారుతూ నాలుగు గంటలు పట్టింది. అది ఇది:

లోపల – బడిగది, వేషాల చోటు – తెల్లవారుజాము

గోడకు ఆనించిన ఒకే అద్దం. దాని ముందు రారాజు, ముఖం నిండా రంగు. వెనక, గదికి అటు చివర భీముడి వేషంలో అన్న, నేల చూస్తూ. బయట మైకులో హరికథ దాసరి గొంతు, పద్దెనిమిదో నాటి యుద్ధం చెబుతోంది.

రారాజు భుజకీర్తులు తగిలించుకుంటాడు. తాళ్లు వీపు వెనక వేలాడుతున్నాయి. తలుపు వైపు చూస్తాడు. ఎవరూ లేరు. చెయ్యి వెనక్కి తిప్పి తాడు అందుకోబోతాడు. అందదు. ఇంకో చెయ్యి. అందదు. కుడి భుజకీర్తి జారి ముందుకు వాలుతుంది.

అద్దంలో, వెనక, అన్న తల ఎత్తాడు.

రారాజు చూపు తిప్పుకుంటాడు. మూడోసారి ప్రయత్నిస్తాడు.

అద్దంలో అన్న లేచి దగ్గరికి వస్తున్నాడు. గజ్జెల చప్పుడు. రారాజు కదలడు. అన్న చేతులు తాళ్లను అందుకుంటాయి. ఒక ముడి. లాగి బిగిస్తాడు. రెండో ముడి.

ఇక్కడ మేం ఆగిపోయాం. మాట ఉండాలని నేను, ఉండకూడదని మామ. మే నెలలో అయితే ఇది మళ్లీ గొడవే. ఈసారి రెండు రకాలుగానూ చదివి చూద్దామన్నాడు మామ. మాట లేకుండా నేను చదివాను. బాగుంది. తర్వాత మామ లేచి నా వెనక నిలబడి, నా చొక్కా కాలరు దగ్గర చెయ్యి పెట్టి, నిజంగా తాడు ముడి వేస్తున్నట్టు వేసి, మెల్లగా అన్నాడు: ‘‘చాల్నా?’’

నాకు జవాబు రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది. మా నాయన గుర్తొచ్చాడు.

అలాగే ఉంచేశాం. అన్న అడుగుతాడు, అది నేను కోరుకున్నది. తమ్ముడు జవాబు చెప్పడు, అది మామ కోరుకున్నది.

అన్న
(వీపు చూస్తూ)
చాల్నా?

రారాజు అద్దంలో అన్న ముఖం చూస్తాడు. మూల ఆనించి ఉన్న రెండు గదల్లో ఒకటి తీసి వెనక్కి అందిస్తాడు. రెండోది తను తీసుకుంటాడు. బయట మద్దెల మొదలవుతుంది. ముందు రారాజు, వెనక అన్న, తలుపు దాటి వెలుతురులోకి పోతారు.

చదివితే 1 నిమిషం 50 సెకన్లు. దంతం రంగు కార్డు మీద 54 అని వేసి గోడకు అంటించాను. మామ 55 తీసుకున్నాడు. మైదానం, మట్టి దుర్యోధనుడు, వాళ్లమ్మ ఉండాది కదా అని ఏడ్చే ముసలమ్మ. వచ్చే ఆదివారానికి రాసి తెస్తానన్నాడు.